తూటాలు దొరకని ఏడాదిలో రైఫిల్ పట్టాను: నా అనుభవం

2020 జులైలో, డల్లాస్ పక్కన ప్లేనోలో, నేనొక .22 రైఫిల్, అంటే సన్నని చిన్న తూటాలు పేల్చేది, కొన్నాను. రూగర్ 10/22 అనే మోడల్. ఇక్కడ కొత్తగా గురి నేర్చుకునేవాళ్లలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు. తుపాకీ దొరికింది గానీ అందులోకి తూటాలు దొరకలేదు. వచ్చేవారం వస్తాయిలే అనుకున్నాను. కావలసినన్ని కూడబెట్టేసరికి మరుసటి ఏడాది వసంతం వచ్చింది.

“నీకెందుకే తుపాకులూ అవీ” అని మా అమ్మ తెనాలి నుంచి ఫోన్‌లో గొడవ. ఎందుకంటే, కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పట్టుకున్న సరదా అది. అక్కడ ఫైరింగ్ అంటే పెద్ద పండగ. నేలమీద పట్టా పరిచి బోర్లా పడుకోబెట్టి, .22 డీలక్స్ రైఫిల్ ఇచ్చి, చేతిలో ఐదు రౌండ్లు, అంటే తూటాలు, లెక్కపెట్టి పోసేవారు. పేల్చాక మిగిలే ఖాళీ తొడుగులు, ఖోఖాలు కూడా లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవారు. ఒక్కటి తగ్గిందా, అది గడ్డిలో దొరికేదాకా అందరం వంగి వెతకాల్సిందే, నేర్పే ఉస్తాద్ ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు. ఏడాదికి ఆ ఐదు రౌండ్లే మా భాగ్యం. అమెరికాలో డబ్బాలు డబ్బాలు కాల్చేస్తారని విన్నప్పుడు నాకు కాస్త అసూయగానే ఉండేది.

ఇక్కడికొచ్చిన కొత్తలో రైఫిల్ జోలికి పోలేదు. ఈ సంగతి మనవాళ్లకు చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ మాత్రమే కాదు, తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్లి ఫొటోలు పెట్టే కుర్రాళ్లను చూస్తే నాకిప్పటికీ టెన్షనే.

నాకు గ్రీన్ కార్డు వచ్చింది, కోవిడ్ కూడా వచ్చింది. షాపులో, తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫారం 4473 నింపి ఇచ్చాను. కొనేవాళ్లకి అర్హత ఉందో లేదో చూసే ఎఫ్‌బీఐ వాళ్ల కంప్యూటర్ చెక్ ‘డిలే’ అని వచ్చింది. కౌంటర్ అబ్బాయి నవ్వి, ఈమధ్య సగంమందికి ఇంతేనండీ అన్నాడు. ఆ సంవత్సరం అలాంటి చెక్‌లు దాదాపు 3 కోట్ల 97 లక్షలు జరిగాయి. అంతకుముందు ఏడాది 2 కోట్ల 84 లక్షలు. అన్నీ కొనుగోళ్లే కావు గానీ, ఊపు ఎలా ఉందో తెలుస్తుంది. మార్చిలో కోవిడ్, మే చివర మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత గొడవలు, నవంబరులో ఎన్నికలు. మూడు భయాలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. తుపాకుల వ్యాపార సంఘం అంచనా ప్రకారం ఆ ఏడాది జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లే 84 లక్షలు. అందులో నేనొకదాన్ని. తలకి రెండు చిన్న పెట్టెలు, అంటే వంద రౌండ్లు కొన్నారనుకున్నా 84 కోట్ల తూటాలు. ఇందులో దాచుకున్నవాడెవడూ లేడు, అందరూ మామూలు కొనుగోలుదార్లే. అంగళ్లలో బీరువాలు ఖాళీ కావడానికి ఇది చాలు.

దానికి తోడు, ఆ ముందు మూడేళ్లూ అమ్మకాలు పడిపోయి కంపెనీలు నీరసించి ఉన్నాయి. తుపాకులు, తూటాలు చేసే రెమింగ్టన్ సరిగ్గా ఆ జులైలోనే దివాలా పిటిషన్ వేసింది. ఆర్కన్సాలోని లోనోక్‌లో ఉన్న వాళ్ల తూటాల ఫ్యాక్టరీని, ఫెడరల్, సీసీఐ అనే తూటాల బ్రాండ్లకి అప్పట్లో యజమాని అయిన విస్టా కంపెనీ ఆ శరదృతువులో కొనుక్కుంది. ‘కంపెనీవాళ్లే సరుకు దాచేస్తున్నారు’ అని ప్రచారం ఎంత ముదిరిందంటే, ఆ ఫెడరల్ తూటాల కంపెనీ అధ్యక్షుడు వీడియోలో కూర్చుని, మా దగ్గర రహస్య గోదాములేమీ లేవు, వంద కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు ఇంకా తీర్చాల్సి ఉన్నాయని చెప్పుకోవాల్సి వచ్చింది.

అయితే నాకు అర్థం కానిది ఒకటుండేది. భయంతో కొనేవాళ్లు పిస్టల్‌లో పడే 9 ఎంఎం తూటాలు కొంటారు. ఇంటి రక్షణకు .22 ఎవరికి కావాలి? మరి ఇది ఎందుకు మాయమైంది? జవాబు రేంజ్‌లో పక్క లేన్ పెద్దాయన దగ్గర దొరికింది. రిటైరైన మెకానిక్. 2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిగాక, ఆంక్షలు వస్తాయన్న భయంతో .22 తూటాలు అంగళ్లలోంచి లేచిపోయి, రెండుమూడేళ్లు సరిగ్గా దొరకలేదట. ఇరవై డాలర్లకు వచ్చే ఐదువందల తూటాల పెట్టె, ‘బ్రిక్’ అంటారు, అది మూడు నాలుగు రెట్లు పలికిందట. మనవణ్ణి రేంజ్‌కి తీసుకొస్తానని మాటిచ్చి, ఒక్క పెట్టె దొరక్క, వాడి ముందు చిన్నబోయానని చెప్పాడు. అప్పట్నుంచి కనబడ్డప్పుడల్లా ఒకటి కొని గరాజ్‌లో పడేస్తున్నాడు. ఇలాంటి పెద్దాయనలు దేశంలో ఎంతమందో! 2020లో బీరువాలు పలచబడటం కనిపించగానే వీళ్లందరూ ముందే లేచారు. 2013 కరువును చూసినవాళ్లే ఈ కరువును తెచ్చారు. పైగా 9 ఎంఎం ఒక్కో తూటా రేటు పద్దెనిమిది, ఇరవై సెంట్ల నుంచి డెబ్బై దాటేసరికి, సాధనకైనా .22 చాలనుకుని కొత్తవాళ్లూ ఇటే వచ్చిపడ్డారు.

ఇక వేట మొదలైంది. మా దగ్గర ఉన్న పెద్ద స్పోర్ట్స్ షాపుకి లారీ ఏ రోజు వస్తుందో తెలుసుకోవడం మొదటి మెట్టు. ఫోన్ చేస్తే చెప్పరు. పొద్దున్నే వెళ్లి క్యూలో ముందున్నవాళ్లని అడిగితే వాళ్లే చెబుతారు, ఎందుకంటే వాళ్లు రోజూ ఉంటారు. మడతకుర్చీలు, కాఫీ ఫ్లాస్కులు, మాస్కులు. మనిషికి రెండు పెట్టెలని బోర్డు. తలుపు తీశాక ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయేది. ఆ క్యూలో సగంమంది కాల్చడానికి కొనేవాళ్లు కాదు. అదే శనివారం గన్ షోలో, అంటే తుపాకుల సంతలో, బల్లమీద, మూడింతల రేటుకి, ఆ పెట్టెలే దర్శనమిచ్చేవి. ఒకాయన షాపు రేటు స్టిక్కర్ పీకే ఓపిక కూడా లేకుండా పెట్టాడు. అడిగితే, పొద్దున్నే నిలబడ్డందుకు కూలీ అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆయన మాటలో తప్పు ఫలానా అని అక్కడికక్కడ చెప్పలేకపోయాను. తర్వాత తట్టింది: క్యూ అంత పొడుగు కావడానికి ఆయనా ఒక కారణమే కదా!

కౌంటర్ దగ్గర ఇంకో చిత్రం. .22 తీసుకుంటే “రైఫిల్‌కా, పిస్టల్‌కా” అని అడుగుతారు. రైఫిల్ తూటా పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి, పిస్టల్ తూటా ఇరవైఒకటి దాటినవాళ్లకి అమ్మాలని చట్టం, .22 ఏమో రెండిట్లోనూ పడుతుంది. నా తలలో తెల్లవెంట్రుకలు చూస్తూ కూడా అడిగేవాడు.

ఆన్‌లైన్‌లో రేట్లు పోల్చి చూపించే సైట్లకి అలర్ట్ పెట్టుకున్నాను. ఫోన్ మోగి, తెరిచి, కార్డు నంబరు కొట్టేలోపు ‘అవుట్ ఆఫ్ స్టాక్’. ఇవి తెల్లవారుజామునే మోగేవి. మా ఆయన దుప్పటి ముసుగులోంచి, “తత్కాల్ టికెట్టా?” అనేవారు.

ఆ పెద్దాయన్ని ఒకసారి మొహమాటపడుతూనే అడిగాను, మీ దగ్గర ఉన్నవాటిలో రెండు పెట్టెలు ఈరోజు రేటుకే ఇవ్వగలరా అని. ఇవ్వనన్నాడు. మర్యాదగానే, కానీ ఖరాఖండిగా. డబ్బు నా దగ్గరుంది, అది పెట్టి మళ్లీ ఎక్కడ కొనను అన్నాడు. సరుక్కి సరుకైతే ఆలోచిస్తానన్నాడు. ఆయనకి కావలసినవి ప్రైమర్లు.

ప్రైమర్ అంటే తూటా వెనక ఉండే చిన్న రాగిరంగు బిళ్ల. సుత్తి పడగానే మొదట అంటుకునేది అదే. పెద్ద తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరుకుని, కొత్త ప్రైమర్, తుపాకి మందు, సీసం గుండు పెట్టి ఇంట్లోనే మళ్లీ తయారుచేసుకునేవాళ్లు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. రీలోడ్ చేయడం అంటారు. మందు, గుండు ఎలాగో దొరికేవి గానీ, అమెరికాలో ప్రైమర్ చేసే పెద్ద బ్రాండ్లు అప్పట్లో నాలుగే, వాళ్లు ముందు తమ సొంత తూటాలకే వాడుకున్నారు. వెయ్యి ప్రైమర్ల పెట్టె మామూలుగా ముప్ఫై అయిదు డాలర్లలోపు ఉండేది, ఆన్‌లైన్ వేలాల్లో వంద దాటి ఎక్కడికో పోయింది. మా .22కి ఆ అదృష్టం కూడా లేదు. దాని పేలుడు మందు అంచులోపలే పూసి ఉంటుంది, ఒకసారి కాలిస్తే తొడుగు పారేయాల్సిందే.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టింది కదా, కరెంటు లేక, నీళ్లు లేక, అంగళ్లలో రొట్టెలు కూడా లేక. ఆ తర్వాత మొదటి లారీ వచ్చిన పొద్దున క్యూలో నిలబడితే .22 రాలేదు, ప్రైమర్లు వచ్చాయి. మనిషికి ఒక పెట్టె. నాకు వాటితో ఒక్క పనీ లేదు. అయినా కొన్నాను. నా వెనక ఒక కుర్రాడు, మీరు రీలోడ్ చేస్తారా అని ఆశగా అడిగాడు. చేయనని చెప్పలేక, మా వాళ్లకోసం అన్నాను. పెద్దాయన ఆ పెట్టె చూసి కళ్లద్దాలు సర్దుకుని, 2016 నాటి బిల్లు ఇంకా అంటుకుని ఉన్న రెండు బ్రిక్‌లు తెచ్చి కారు బానెట్ మీద పెట్టాడు. ఎన్‌సీసీ ఉస్తాద్ లెక్కన అవి నాకు రెండు వందల సంవత్సరాల రౌండ్లు.

ఇన్ని అవసరమా అంటే, నేను చేరాలనుకున్న రెండు రోజుల శిక్షణకి అవసరమే. ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ అని, వాలంటీర్లు ఊరూరా నడుపుతారు. వచ్చేవాళ్లని నాలుగైదు వందల రౌండ్లు తెచ్చుకోమంటారు. వెయ్యిలో సగం దానికి, మిగతా సగం ఆ తర్వాతికి అనుకున్నాను. అంటే ముందు సాధనకు ఒక్కటీ లేదు.

అందుకని ఉత్త రైఫిల్‌తోనే మొదలుపెట్టాను. గదిలో తూటా అన్నది ఉండకూడదు, తలుపు వేసుకోవాలి, తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి. 10/22ని ఖాళీగా పేల్చినా చెడిపోదని కంపెనీ మాన్యువల్లోనే ఉంది. అయినా గోడకి స్క్రూలు బిగించే పసుపుపచ్చ ప్లాస్టిక్ యాంకర్ ఒకటి తూటా బదులు పెట్టేదాన్ని. రోజూ రాత్రి, గిన్నెలు సర్దాక, పడుకుని, కూర్చుని, నిలబడి. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురిచుక్క కదిలిందా లేదా, అంతే పని. శబ్దమూ కుదుపూ లేవు కాబట్టి తప్పు దాక్కోవడానికి చోటే లేదు. ఆపైన వంద డాలర్లకి కొంచెం ఎక్కువ పెట్టి ఎయిర్ రైఫిల్ కొన్నాను. గరాజ్‌లో ఒక చివర రబ్బరు ముక్కలు నింపిన పెట్టె, దానిమీద కుదించిన టార్గెట్ కాగితం. ఐదువందల పెల్లెట్ల డబ్బా పది డాలర్ల చిల్లర. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే అని మా అబ్బాయికి చెప్పి వాణ్ణీ కూర్చోబెట్టాను.

ఏప్రిల్‌లో శిక్షణ. ఆ నెలలోనే ఎందుకంటే 1775 ఏప్రిల్ 19 వాళ్లకి ముఖ్యం, లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు. భోజనాల వేళ ఆ కథ చెబుతారు. బ్రిటిష్ సైన్యం ఆ రోజు బయల్దేరిందే కాంకర్డ్‌లో జనం దాచుకున్న మందుగుండును నాశనం చేయడానికి! ఆ మాట వినగానే నా పక్కనున్న నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొదట పదమూడు రౌండ్లతో పరీక్ష. నాలుగు దూరాలకు కుదించిన బొమ్మలకి మూడేసి, చివర చిన్న పలకకి ఒకటి. తర్వాత రెండు రోజులూ స్లింగ్, అంటే రైఫిల్ పట్టీ, చేతికి చుట్టుకోవడం, ఊపిరి, ఒళ్లు సహజంగా ఎటు చూపుతుందో అటు టార్గెట్ ఉండేలా జరగడం. ఒక వ్యాయామంలో మనకి తెలియకుండా పక్కవాళ్లు నిజం తూటాల మధ్య ఉత్తుత్తి తూటా కలుపుతారు. పేలుతుందని భుజం బిగించామా, పేలనప్పుడు తుపాకీ ముక్కు కిందకి వంగి అందరికీ తెలిసిపోతుంది. నాది వంగలేదు. నేర్పే ఆవిడ అనుమానంగా చూసి, ఎన్ని వేలు కాల్చారు అని అడిగింది. దాదాపు ఏమీ లేదన్నాను, నమ్మలేదు. చివరి పరీక్ష నలభై రౌండ్లు, 250కి 210 రావాలి. ఆదివారం సాయంత్రానికి దాటింది. గుడ్డ బిళ్ల ఒకటి ఇస్తారు. మా అమ్మకి వాట్సాప్‌లో ఫొటో పెడితే, చీర మీద కుట్టించుకుంటావా అంది.

రేట్లు వెంటనే దిగలేదు. ఆ ఆగస్టులో రష్యా తూటాల కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేస్తున్నట్టు ప్రకటన రావడంతో, చవగ్గా దొరికే ఇనుప తొడుగు సరుక్కి మళ్లీ పరుగులు. మెల్లగా 2022లో బీరువాలు నిండటం మొదలైంది.

2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు మన డల్లాస్ అంగళ్లలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కుటుంబానికి ఒక్క బస్తా అని బోర్డు పెట్టినా తోపులాట. అంతకాలం నన్ను ఆటపట్టించిన మా ఆయన, రెండు దుకాణాలు తిరిగి సోనామసూరి బస్తాలు మోసుకొచ్చి, “రేపట్నుంచి ఉండదట” అన్నారు. గన్ షాపు క్యూలో వెయ్యిసార్లు విన్న మాట. ఒకటే తేడా. బియ్యానికి పురుగు పడుతుంది, తినేయాలి, రెండుమూడు నెలల్లో మళ్లీ అంగడికే వెళ్లాలి. తూటాకి పురుగు పట్టదు. చెమ్మ తగలకుండా ఇనప డబ్బాలో పెడితే దశాబ్దాలు ఉంటుంది. అందుకే ఒకసారి గరాజ్‌లోకి పోయిన సరుకు, ఆ ఇంటాయన పోయాక పిల్లలు సామాన్లు అమ్మేసేదాకా బయటికి రాదు.

నా దగ్గర ఇప్పుడు రెండు బ్రిక్‌లకి తక్కువ ఉండనివ్వను. ఒక శిక్షణకి, కొన్ని నెలల సాధనకి సరిపోతాయి. ఇది దాచుకోవడమా, ముందుచూపా అని మా ఆయనకీ నాకూ తేలలేదు. ఆయన లెక్క ప్రకారం ఎక్కువే, పెద్దాయన లెక్క ప్రకారం నవ్వొచ్చేంత తక్కువ. రైఫిల్ ఇప్పటికీ చాలా రాత్రులు ఖాళీగానే పేలుస్తాను. పసుపు యాంకర్లు మాత్రం త్వరగా అరిగిపోతున్నాయి, హార్డ్‌వేర్ షాపులో వందేసి కొంటున్నాను.