ఆసు మీద ఒక క్లాసు

మిషిగన్‌లో నేను పాఠం చెప్పే కాలేజీలో చాలామంది పిల్లలు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు దిగి, నేరుగా పొద్దున క్లాసుకు వస్తారు. రేకు కారు డోర్‌గా ఎలా మారుతుందో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక మిషన్‌కూ ఇంకో మిషన్‌కూ మధ్య సరుకు ఎంతసేపు ఊరికే పడి ఉంటుందో చూడటం నేర్పాలి. 1913లో హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, పన్నెండు గంటలు దాటే కారు ఛాసిస్ (అడుగు చట్రం) బిగింపు గంటన్నరకు దిగింది. ఈ ప్రాంతం పిల్లలకు అది తాతల కథ, ఆవలిస్తారు. అందుకే వాళ్లను ఇక్కత్ చీరలు నేసే పుట్టపాకకు తీసుకుపోతాను.

మాది నల్లగొండ. పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా నల్లగొండే. అక్కను అక్కడే ఇచ్చాం, బావది మగ్గం పని. ఎండాకాలంలో ఇక్కడ పొద్దున 9 అయితే అక్కడ సాయంత్రం 6:30. వీడియో కాల్‌ను ప్రొజెక్టర్‌కు కలుపుతాను. పిల్లలు చూస్తూ గీయాలి: పని జరిగే చోట డబ్బా, సరుకు ఆగే చోట త్రికోణం. ఆసు పోయడం (దారాన్ని మేకుల మీద తిప్పి పేర్చడం), రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికి కట్టడం, అద్దకం, ఆరబెట్టడం, విప్పి ఇంకో రంగుకు మళ్లీ కట్టడం, కండెలు, నేత. కాగితం నిండా త్రికోణాలే.

మగ్గం మీద కొత్త పడుగు (నిలువు దారాలు) ఎక్కించాలంటే వేల పోగులను పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. అంత కష్టం ఒక్క చీర కోసం ఎవరు పడతారు? ఒకే పడుగు మీద వరుసగా చాలా చీరలు దింపుతారు. షోరూమ్‌లో ‘ఇలాంటిది ఇదొక్కటే’ అని అమ్మే చీరకు అక్కచెల్లెళ్లు ఉంటారన్నమాట. షావుకారు ఆ డిజైన్ వద్దంటే పెట్టుబడి అంతా ఇంట్లోనే ఇరుక్కుంటుంది. 1969లో టయోటాలో షిగియో షింగో అనే ఇంజనీరు, రేకును వంచే ప్రెస్‌లో డై (అచ్చు) మార్చే నాలుగు గంటల పనిని మూడు నిమిషాలకు తెచ్చాడు, మరి ఇక్కడ ఎందుకు కుదరదని ఒకడు అడిగాడు. బావకు చెప్తే నవ్వాడు. “మూడు నిమిషాల్ల చాయ్ తాగుడే కాదు బామ్మర్దీ!”

ఆసు దగ్గర మాత్రం క్లాసు నిశ్శబ్దమైంది. అర్ధచంద్రంలా కొయ్య మేకులు, వాటికి ఎదురుగా ఒక మేకు. అక్క దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూనే ఉంది. చెయ్యి కిందికి దిగదు. ఒక్క చీరకు వేల సార్లు అలా తిప్పాలి. “తమ్మీ, నీ పిల్లలకు నా భుజం నొప్పి గూడ జూపియ్యాల్నా?” అంది.

ఆమెకు గంటకు ఎంత ఇస్తారని ఒకమ్మాయి అడిగింది.

“నాకేడిది? మీ బావ కూలిలనే ఉంటది గదా.”

ఆ అమ్మాయి ఆసు డబ్బా కింద ఖర్చు గడిలో సున్నా వేసి, కొట్టేసి, ప్రశ్నార్థకం పెట్టింది.

తర్వాతి క్లాసులో ఆసు యంత్రం గురించి చెప్పాను. ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి చింతకింది మల్లేశం 1999లో తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో నాలుగైదు గంటల పని దాని మీద గంటన్నరలో అయిపోతుంది. వెంటనే వెనక బెంచీ నుంచి అభ్యంతరం: అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది చిటికి, మగ్గం దగ్గర కదా, ఆసు తొందరగా అయితే చీరలు పెరగవు, డబ్బు దండగ. నేను నేర్పిన లెక్కే, తప్పు లేదు. కానీ మల్లేశం చీరలు పెంచుదామని మొదలుపెట్టలేదు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మొదలుపెట్టాడు, యంత్రానికి ఆమె పేరే పెట్టాడు. ఉత్పత్తి మాత్రమే కొలిచే పటంలో ఆ యంత్రానికి చోటు దొరకదు. నన్నడిగితే లోపం పటానిదే.

ఇప్పుడు నేనిచ్చే ఫారంలో ఇంకో గడి చేర్చాను: ఆ పని ఎవరు చేస్తున్నారు, ఒంట్లో ఎక్కడ నొప్పి. ఈసారి ఫ్యాక్టరీ రిపోర్టుల్లో ఒకడు ప్రెస్‌కు రేకులు అందించే మనిషి నడుము గురించే అర పేజీ రాశాడు. దానికి మార్కులు ఎలా వేయాలో డిపార్ట్‌మెంట్ రూల్సులో లేదు. నేను వేసేశాను.