పెద్ద సూట్‌కేస్ కొనేశాక తెలిసింది

ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు తింటూ మొదలైన మాట ఇది: వచ్చే ఏడాది నలుగురం కలిసి గ్రీస్‌లో యాట్, అంటే తెరచాప పడవ, అద్దెకి తీసుకుని వారం రోజులు దీవులు తిరగాలి. మూడు వారాలుగా రాత్రిళ్లు మ్యాపే చూస్తున్నా.

ముందు శాంటోరినీ అన్నాం, ఫొటోల పిచ్చి. తర్వాత చదివితే జూలై, ఆగస్టుల్లో అది ఉన్న ఏజియన్ సముద్రంలో మెల్టెమి అనే ఉత్తరపు గాలి ఒక్కోసారి రోజుల తరబడి వీస్తుందట, కొత్తవాళ్లకి కష్టమే. అందుకే ఏథెన్స్ పక్కనున్న సరోనిక్ గల్ఫ్‌కి మారాం, పిస్తాలకి పేరున్న ఈజీనా, ఆ తర్వాత పోరోస్, కార్లు తిరగనివ్వని హైడ్రా. తెరచాప పడవ గంటకి 5, 6 నాటికల్ మైళ్లు వెళ్తుంది, అంటే సుమారు 10 కిలోమీటర్లు. మన సిటీ బస్సు కూడా నవ్వుతుంది. రోజుకి ఒక్క దీవి చాలు.

సొంతంగా నడపాలంటే లైసెన్స్ ఉన్నవాళ్లు కావాలి. మాలో ఒకడు ఫిషింగ్ హార్బర్‌లో బోటెక్కాడు, దిగేలోపు వాంతులు. కాబట్టి పడవ నడిపే స్కిప్పర్‌ని పెట్టుకుంటున్నాం, ఒక కేబిన్ ఆయనకే, భోజనం ఖర్చు మాదే.

అమ్మేమో "ఇంటి ముందు సముద్రం పెట్టుకుని అంతదూరం ఎందుకురా" అంటోంది. నా దగ్గర జవాబు లేదు.

అన్నట్టు, పడవలో గట్టి సూట్‌కేసులు పెట్టడానికి చోటుండదట, మడతపెట్టే బ్యాగులే తేవాలట. నాది కొత్తది, ట్యాగ్ కూడా తీయలేదు, ఎవరికైనా కావాలా?