ఒక్క బైటు చేసిన పని

మూడు రాత్రుల నుంచి కావలిలో మా ఇంటి మిద్దె మీద గదిలో ఒకటే టెన్షన్. నేను రాసిన బ్రేక్‌పాయింట్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కావాలని ఆపే చోటు) టెస్టు నా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో చక్కగా పాస్. వేరే రకం ప్రాసెసర్ ఉన్న 64 బిట్ ఆర్మ్ బోర్డు మీద మాత్రం ఎన్నిసార్లు కంటిన్యూ కొట్టినా ఆగిన చోటే ఆగుతోంది. బోర్డే పాడైందనుకుని కేబుల్ కూడా మార్చాను, సిగ్గులేకుండా!

తప్పు నాదే. బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్‌ను ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టాను. ఎక్స్86లో, అంటే ఇంటెల్ రకం ప్రాసెసర్‌లో, అది ఒక్క బైటు, హెక్స్‌లో సీసీ. ట్రాప్ అయ్యేసరికి, అంటే ప్రోగ్రామ్ అక్కడ ఆగేసరికి, ప్రోగ్రామ్ కౌంటర్ (తర్వాత ఎక్కడి నుంచి నడవాలో చెప్పేది) ఆ బైటు దాటేసి ఉంటుంది. ఆర్మ్‌లో అదే పని చేసే బీఆర్‌కే 4 బైట్లు, కౌంటర్ సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. మనం 4 కలిపి దాటించకపోతే మళ్ళీ అదే ట్రాప్. రిస్క్-ఫైవ్ అనే మరో రకం ప్రాసెసర్‌లో ఇంకో తంటా: అక్కడ అదే పని చేసే ఈబ్రేక్ 4 బైట్లు, దాని కుదించిన రూపం 2 బైట్లు.

ఇప్పుడు ఇన్‌స్ట్రక్షన్, దాని సైజు, కౌంటర్‌ని జరపాలా వద్దా అన్నది ప్రాసెసర్‌వారీగా ఒక చిన్న ఫైల్లో పెట్టాను. టెస్టులో అడ్రస్‌లు, బైట్లు లేవు, ఫంక్షన్ పేర్లే.

"ఇంకా ఆగిందేనా నాయనా?" అని అమ్మ కింద నుంచి కేక. కదిలిందమ్మా, అన్నం పెట్టు.