వెనక వైపు కనపడదు

ఈరోజంతా ఒక మెషీన్ గురించే ఆలోచిస్తూ గడిచిపోయింది. లైబ్రరీ కింద మెట్ల పక్కనుండే వెండింగ్ మెషీన్. నిన్న రాత్రి పదకొండు దాటాక కిందకొస్తే మా జూనియర్ ఒకమ్మాయి దాని అద్దం ముందు నిలబడి ఉంది, క్యాంటీన్ ఎప్పుడో మూసేశారు, రాత్రి ఏమీ తినలేదంట, నన్ను చూసి "అక్కా, ఇందులో ఏది తింటే కొంచెం మంచిది?" అని అడిగింది. మూడేళ్ళుగా అందులో కొనుక్కుంటున్నా, ఠక్కున ఏం చెప్పాలో తెలీలేదు. "ఆ బార్ తీస్కో, ఓట్స్ కదా" అనేసి పైకొచ్చేశా. వచ్చానే గానీ చదువు సాగలేదు, తెల్సే చెప్పానా, నోటికొచ్చింది చెప్పానా అని అదే తిరుగుతోంది.

పొద్దున క్లాసుకి ముందే నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళి దాని ముందు కూర్చున్నా. ఐదు అరలు, ప్యాకెట్లు వరసగా పెట్టే స్ప్రింగులు 40. చిప్స్ లాంటి కరకరలాడేవి 16, చాక్లెట్లు క్యాండీలు 11, బిస్కెట్లు కేకులు 9, బార్లు 3, ఉప్పు వేయని పల్లీలు ఒక్కటంటే ఒక్క స్ప్రింగు, అదీ అట్టడుగు అరలో మూలకి. పక్కనున్న డ్రింకుల మెషీన్లో కూడా అంతే, నీళ్ళ బాటిల్ కనపడాలంటే వంగి చూడాలి.

సరే లెక్క రాద్దాం అని మొదలుపెడితే అప్పుడు అర్థమైంది అసలు సంగతి. పోషకాల పట్టిక ప్రతి ప్యాకెట్‌కీ వెనక వైపు ఉంటుంది, అద్దంలోంచి మనకి కనపడేది ముందు వైపు మాత్రమే. షాపులో అయితే చేతిలోకి తీస్కుని తిప్పి చూస్తాం, నచ్చకపోతే పెట్టేస్తాం. ఇక్కడ డబ్బులు వేసి, అది కింద పడి, చెయ్యి పెట్టి తీస్కున్నాకే చదవగలం, అప్పటికి కొనేశాం, ఆకలి మీదున్నాం, ఇంక చదివేదేముంది, చింపడమే. ఇన్నాళ్ళూ నాకిది తట్టనే లేదు!

అందుకని మధ్యాహ్నం ఫ్రెండ్స్ దగ్గర ఖాళీ కవర్లన్నీ అడిగి పోగేశా, పన్నెండు దొరికాయి. చిప్స్ కవర్ మీద 160 కేలరీలు, సోడియం 180 మిల్లీగ్రాములు అనుంది, పర్లేదే అనుకున్నా, పైన చిన్న అక్షరాల్లో "30 గ్రాములకి" అని ఉంది. ప్యాకెట్ 75 గ్రాములు. అంటే రెండున్నర రెట్లు చేస్కోవాలి, 400 కేలరీలు, 450 మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది, అందులో పావు వంతుకి దగ్గర్లో ఒక్క ప్యాకెట్‌తోనే అయిపోతోంది. అంత ప్యాకెట్‌లో 30 గ్రాములు తిని మడిచి పెట్టేసేవాళ్ళని నేనైతే ఇంతవరకూ చూళ్ళేదు.

కూల్ డ్రింకూ ఇంతే. 100 మిల్లీలీటర్లకి 10.6 గ్రాముల చక్కెర అంటే ఏమీ అనిపించదు, 600 మిల్లీలీటర్ల బాటిల్ కదా, 63 గ్రాములు దాటింది, దగ్గర దగ్గర పదహారు చెంచాలు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపిన చక్కెర 50 గ్రాముల లోపు ఉండాలి, 25 లోపైతే ఇంకా మంచిదని అదే సంస్థ 2015లో చెప్పింది. పళ్ళరసంలో ఉండే చక్కెరని కూడా ఆ లెక్కలోనే వేస్తారు, కాబట్టి జ్యూస్ డబ్బా తీస్కుని తప్పించుకున్నాం అనుకోడానికి లేదు.

ఇంక నేను సలహా ఇచ్చిన ఓట్స్ బార్. దాని కవర్ చదువుతుంటే నిజంగా బాధేసింది. పదార్థాలు ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు, మొదట ఓట్స్ అనే ఉంది, తర్వాత గ్లూకోజ్ సిరప్, చక్కెర, తేనె, ఇన్‌వర్ట్ సిరప్. నాలుగూ చక్కెరే! విడివిడిగా రాశారు కాబట్టి ఓట్స్ పైకొచ్చింది, కలిపి తూస్తే ఏది ముందుండేదో.

మంచిదా కాదా తేల్చడం కూడా అంత తేలిక కాదని సాయంత్రానికి తెలిసింది. బ్రిటన్‌లో ప్యాకెట్ల మీద కొవ్వు, చక్కెర, ఉప్పు లాంటివి ఎక్కువైతే ఎరుపు, మధ్యస్తమైతే పసుపు, తక్కువైతే ఆకుపచ్చ అని రంగుల లెక్క ఉంది, 100 గ్రాముల్లో కొవ్వు 17.5 గ్రాములు దాటితే ఎరుపు. దాని ప్రకారం పల్లీలకి కొవ్వు దగ్గర ఎరుపు పడుతుంది, చక్కెర లేని కోలాకి అన్నీ ఆకుపచ్చే పడతాయి. కానీ పల్లీల్లో ఉండేది ఎక్కువ భాగం మంచి కొవ్వే, ప్రోటీన్ ఉంది, పీచు ఉంది, కాసేపు కడుపు నిలుస్తుంది. ఖాళీ కడుపుతో రాత్రి నిలబడ్డ పిల్లకి ఆ కోలా ఏం చేస్తుంది? అందుకే రంగుల పక్కన నేను ఇంకో గడి గీసుకున్నా, "ఆకలి తీరుతుందా" అని. ఎనర్జీ డ్రింకులకి మళ్ళీ వేరే గడి, 250 మిల్లీలీటర్ల డబ్బాలో 80 మిల్లీగ్రాముల కెఫీన్, పెద్ద డబ్బా అయితే 160, అందులో సగం ఒంట్లోంచి పోడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి పదకొండింటికి తాగితే తెల్లారుజామున కూడా సగం లోపలే ఉంటుంది.

నాలుగింటికి సరుకు నింపే అన్న వచ్చాడు. పళ్ళు ఎందుకు పెట్టరన్నా అని అడిగితే ఓపిగ్గా చెప్పాడు, "పైనుంచి పడితే నలిగిపోతాయమ్మా, ఇందులో కూలింగ్ లేదు, నెలలు నిలవుండేవే పెట్టాలి, ఏది అమ్ముడుపోతే అదే మళ్ళీ నింపుతా" అని. పల్లీలు కదలట్లేదు, వచ్చే వారం తీసేద్దాం అనుకుంటున్నాడంట. కింద మూలలో ఉంటే ఎవరికి కనపడతాయన్నా, ఒక్క రెండు వారాలు మధ్య అరలో పెట్టి చూడు అని బతిమాలా. కాసేపు ఆలోచించి చిప్స్ స్ప్రింగు ఒకటి ఖాళీ చేసి కంటికి ఎదురుగా పెట్టాడు, నేనూ అక్కడే రెండు ప్యాకెట్లు కొన్నా.

రాత్రి జూనియర్ మళ్ళీ కనపడింది. నిన్న చెప్పింది తప్పు అని ముందే చెప్పేశా, నోట్‌బుక్ చూపించా, పేజీలన్నీ ఫోటో తీస్కుంది. పల్లీలు, నీళ్ళు తీస్కుని మెట్ల మీద కూర్చుని తింటూ "మరి భోజనం బదులు తినేది ఏదీ లేదా అక్కా ఇందులో?" అంది. లేదే అన్నా. రేపు క్యాంటీన్ ఇంకో గంట తెరిచి ఉంచమని ఆఫీసులో లెటర్ ఇవ్వాలి, తనూ సంతకం పెడతానంది. పన్నెండు పట్టికలూ శుభ్రంగా ఒక కాగితం మీద రాసి, ప్యాకెట్ మొత్తానికి ఎంతో లెక్కేసి, మెషీన్ పక్కన అంటించడానికి పర్మిషన్ కూడా అదే లెటర్లో అడుగుతాం.