నాయనమ్మ పూలు, అత్తయ్య అతుకు

నాన్న పోయిన రెండు నెలలకు ఆయన బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక పాత దిండుగలీబు దొరికింది. నిండా లేసు పూలు. ఒక్కోటి అరచేయంత. లెక్కపెడితే 71. డెబ్భై రెండోది సగంలో ఆగిపోయి, దారం ఇంకా ఉండకే తగిలి ఉంది. వాటితోపాటు ఒక అట్టముక్క, దాని మీద నాన్న చేతిరాతతో ‘80’.

అవి నాయనమ్మవి. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. మాది పాలకొల్లు దగ్గర పల్లె. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉండడం మాకు వింత కాదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లాక తీసుకుని కూలి ఇస్తాడు. చిన్నప్పుడు నేను సూది ముట్టుకుంటే మాత్రం, మగపిల్లాడికి ఇదేం పనని తాతయ్య చేతి మీద ఒకటి వేసేవాడు.

ఎనభై అంటే పదేసి పూలు ఎనిమిది వరసలు. మంచి టేబుల్ గుడ్డ అవుతుంది. ఒక సగం, ఎనిమిది నిండు పూలు చాలు. ముప్ఫై ఏళ్ళుగా మద్రాసులో లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ణి, తొమ్మిది పూలు అల్లలేనా అనుకున్నాను. ఆ ధీమా నెల రోజులు కూడా నిలవలేదు.

ముందు దారం. ప్యారిస్ కార్నర్ వెనక సందుల్లో దుకాణం దుకాణం తిరిగాను. సన్న దారం కావాలంటే ప్రతిచోటా స్వెట్టర్ల ఊలు చూపించారు. చెన్నైలో స్వెట్టరు ఎవరు వేసుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి ఒకాయన నాయనమ్మ పువ్వును వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది నలభై నంబరు సార్ అన్నాడు. ఈ దారాల్లో నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందట. నేను అంతవరకూ తలకిందులుగా అనుకున్నాను. సన్న ఉక్కు సూది కూడా ఆయనే ఇచ్చి, “మేడమ్ చాలా ఓపికగలవారు” అన్నాడు. నాకే అని చెప్పలేకపోయాను.

తర్వాత వీడియోలు. ఆరు గొలుసులు వేసి కలిపితే ఉంగరం, దాని చుట్టూ నిలువు కుట్లు, వాటి మీద రేకులు. చూడ్డానికి ఇంతే. వీడియోలో అమ్మాయి ప్రతి రెండు నిమిషాలకీ “టెన్షన్ ఒకేలా ఉండాలి” అనేది. దారాన్ని వేలితో ఎంత బిగించి పడతామో దాన్ని టెన్షన్ అంటారట. నా టెన్షన్ ఇంకో రకం. మే నెల, కరెంటు పోయి ఫ్యాను ఆగింది, చేతులు చెమట, దారం మట్టిరంగుకు తిరిగింది. మొదటి పువ్వు గిన్నెలాగా ముడుచుకుంది. రెండోది గొడుగులాగా. ఈ కొక్కెం సూది లేసు అల్లికను క్రోషే అంటారు. అందులో ఒక్క మంచి గుణం ఉంది. ఎప్పుడూ సూది మీద ఒకే ఒక్క ఉచ్చు బతికి ఉంటుంది, అది వదిలి దారం లాగితే అంతా సర్రున విడిపోతుంది. మూడు గంటల పని ముప్ఫై సెకన్లలో. ఆ గుణాన్ని నేను బాగా వాడుకున్నాను. చూడదగ్గ పువ్వు ఒకటి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది.

ఆ రోజుల్లోనే ఐదో అంతస్తు మేడమ్‌తో పరిచయమైంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాం, నమస్కారం తప్ప మాట లేదు. ఒకసారి లిఫ్టులో కూడా సూది ఆపకుండా లెక్కపెట్టుకుంటున్నాను. “పంతొమ్మిది, ఇరవై...” ఆవిడ దిగకుండా నిలబడిపోయారు. “మీరు తెలుగువారా? వాచ్‌మన్‌తో అంత చక్కటి తమిళం మాట్లాడతారు, నేను ఇన్నాళ్ళూ అరవవాళ్ళే అనుకున్నాను” అన్నారు. నిజమే. బయట తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, కూడిక మాత్రం తెలుగులోనే వస్తుంది నాకు.

ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కథలు రాస్తారు. మద్రాసు నుంచి తెలుగు పత్రికలు వచ్చే కాలంలో మొదలుపెట్టారట. పేరు రాయనని మాట ఇచ్చాను. ఆ సాయంత్రమే కాఫీకి పిలిచి, నన్ను కూర్చోబెట్టి మాటలు అడిగారు. ఒక పాత డైరీలో రాసుకుంటున్నారు. పూలు అల్లేవాళ్ళ పనిని ఏమనేవాళ్ళు? చేతిపని. వాటిని కలిపేవాళ్ళది? అతుకుపని. మా ఇంట్లో నాయనమ్మది చేతిపని, మా మేనత్తది అతుకుపని. ఇంత చిన్న మాటలకు ఆవిడ అంత సంబరపడడం నాకు వింతగా అనిపించింది.

మాటకు మాట బాకీ అన్నట్టు ఆవిడా ఒకటి చెప్పారు. తమిళంలో నూల్ అంటే దారం, పుస్తకం కూడా. అప్పుడు గుర్తొచ్చి నవ్వాగలేదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒక బోర్డు మీద ‘నూలగం’ అని కూడబలుక్కుని చదివి, నూలు దుకాణమనుకుని లోపలికి వెళ్ళాను. అది లైబ్రరీ.

ఆవిడ కథలు మూడు చదివాను. బాగున్నాయి, కానీ మెట్లు దిగుతుంటే చివరి మెట్టు లేనట్టు ముగుస్తాయి. ఆ మాట ఆవిడతోనే అన్నాను. కోపం రాలేదు. రాతప్రతి చూపించారు. పేజీలో సగం కొట్టివేతలే. నా దారం ఉండ బల్ల మీద పెట్టి, ఇద్దరం ఎవరి పని వాళ్ళు విప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. శుక్రవారం సాయంత్రాలు అలా అలవాటయ్యాయి. మా ఆవిడ మొదట వెక్కిరించినా, తర్వాత జంతికలు కట్టి ఇచ్చేది.

ఒక శుక్రవారం ఆవిడ ఒక పుస్తకం గురించి చెప్పారు. మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నర్సాపురం లేసు ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసి 1982లో అచ్చువేసిన పుస్తకం. అందులో ముఖ్యమైన సంగతి ఇది: రోజుకు ఆరేడు గంటలు పనిచేసి విదేశాలకు సరుకు పంపుతున్నా, వాళ్ళను కూలీలని ఎవరూ అనలేదు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు, తీరిక వేళ అల్లుకుంటారన్నారు.

నేను కాసేపు మాట్లాడలేదు. మా ఇంటి గొడవ అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

నాయనమ్మ పోయాక అత్తయ్య ఇంట్లో వాటా అడిగింది. పెంకులు తీసి స్లాబు వేసింది తన లేసు డబ్బుతోనేనంది. నాన్న, “ఊసుపోక అల్లినదానికి వాటా ఏమిటే?” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు. ఆ రోజు నుంచి అత్తయ్య మా గుమ్మం తొక్కలేదు. నాన్న పోయినప్పుడు వచ్చి, వీధి అరుగు మీదే కూర్చుని వెళ్ళింది.

ఊసుపోక! ఒక్క పువ్వుకు నాకు నాలుగు గంటలు పడుతోంది.

ఎనభై నిండాయి. కొత్త పూలు తళతళా తెల్లగా, పాతవి పసుపు తిరిగి ఉన్నాయి. వీడియోలో చెప్పినట్టు కొత్తవాటిని టీ డికాషన్‌లో నానబెట్టాను. మచ్చలు మచ్చలుగా వచ్చాయి. ఇక అతకడం నా వల్ల కాదని తేలిపోయింది. మేడమ్ ఫోను నా ముందుకు తోసి, “ఆవిణ్ణే అడగండి” అని లోపలికి వెళ్ళిపోయారు.

మూడోసారి ఎత్తింది.

“అత్తయ్యా, నేను.”

చాలాసేపు ఏమీ వినపడలేదు. “నాయనమ్మ పూలు దొరికాయి. మిగిలినవి నేను అల్లాను” అన్నాను.

“నువ్వా!” అని ఆగి, “ఎన్నో నంబరు దారం?” అంది.

“నలభై.”

“సరే, తే.”

సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో భీమవరంలో దిగి బస్సెక్కాను. అత్తయ్య పూలన్నీ చాప మీద పరిచి, చూపు తక్కువైనా వేళ్ళతోనే తడిమి, నావి ఎనిమిదీ ఏరి పక్కన పెట్టింది. సగం పువ్వును కూడా పట్టేసింది. “ఇక్కడి నుంచి బిగదీశావు” అని సరిగ్గా ఆ కుట్టు మీద వేలు పెట్టింది. టీ సంగతి విని నెత్తి కొట్టుకుంది. పాతవి సబ్బునీళ్ళలో నానేసి ఎండలో ఆరేస్తే వాటంతటవే తెల్లబడతాయట. అలాగే అయ్యాయి. ఇప్పుడు ఎనభైలో నావే పాతవాటిలా కనిపిస్తాయి.

నా మచ్చల పూలలో రెండు మరీ అన్యాయంగా ఉన్నాయని విప్పేసి తనే మళ్ళీ అల్లింది. గడియారం చూశాను. ఒక్కోటి నలభై నిమిషాలు. అలవాటు పోదు కదా, మనసులో లెక్క వేశాను: ఎనభై పూలకు 53 గంటల 20 నిమిషాలు, అతుకు కాకుండా. ఆ అంకె పైకి చెప్పాను. అత్తయ్య తలెత్తకుండా, “మీ నాన్నకు చెప్పాల్సింది” అంది.

నాలుగు రోజులున్నాను. నర్సాపురం లేసుకు 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చిందంటే, “ఏజెంటు చెప్పాడులే” అని ఊరుకుంది. ఇంటి సంగతి నేనే ఎత్తాను. నాన్న వాటా ఇప్పుడు నాది, నా మటుకు కాగితం రాస్తానన్నాను. తమ్ముడు ఒప్పుకోవాలి, వాడు ఇంకా ఏమీ తేల్చలేదు.

వచ్చేముందు, ఐదో అంతస్తు మేడమ్ అడగమన్న ప్రశ్న గుర్తొచ్చింది. పువ్వుకూ పువ్వుకూ మధ్య అత్తయ్య వేసే ఆ నాలుగు కాళ్ళ కుట్టుకు పేరేమిటని అడిగాను.

“దానికి పేరేంటిరా, అతుకే” అంది.

డైరీలో అలాగే రాసుకున్నారు.