300 అన్నారు, 11 వస్తోంది

300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారిన రోజు రాత్రే ఒక పెద్ద గేమ్ డౌన్‌లోడ్‌కి పెట్టాను. స్పీడు 11 దగ్గరికి వచ్చి అక్కడే కూర్చుంది, అంతకు మించి కదలదు. 300 ఎక్కడ, 11 ఎక్కడ! వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. అవతలి అబ్బాయి అంతా ఓపిగ్గా విని, "సార్, మీకు కనిపించేది బిట్సా, బైట్సా, ఒకసారి చూస్తారా" అన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. నిజానికి అతను సగం కరెక్టే, మిగతా సగం తప్పు నా టేబుల్ కిందే ఉంది.

ప్లాన్‌లో చెప్పేవి మెగాబిట్లు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఎక్కువగా కనిపించేవి మెగాబైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఇంగ్లీషులో రాస్తే చిన్న బి అంటే బిట్టు, పెద్ద బి అంటే బైటు, అంతే తేడా. ఇది ప్రకటనల వాళ్లు కనిపెట్టిన మోసమేమీ కాదు, లైన్ల వేగాన్ని బిట్లలో లెక్కపెట్టడం మొదటి నుంచీ ఉన్నదే, ఫైళ్ల సైజు చెప్పేదేమో బైట్లలో. కాకపోతే ఎనిమిది రెట్లు పెద్ద అంకె కనబడితే అమ్మేవాడికి చేదా?

సరే, 300ని 8తో భాగిస్తే 37.5. అది కూడా పూర్తిగా రాదు. మన ఫైలు చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వస్తుంది, మామూలుగా ఒక్కోటి 1500 బైట్లు మించదు. ప్రతిదాని మీదా ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నోది అనే వివరాలు ఉండాలి కదా, ఉత్తరంతో పాటు కవరు బరువు కూడా తూచినట్టు, ఆ వివరాలకే ఐదు శాతం దాకా పోతుంది. అంటే నాకు 35 చుట్టుపక్కల రావాలి. మరి 11 ఏమిటి?

ఈ 11 దగ్గరే నాకు లైటు వెలిగింది. 100 ఎంబీపీఎస్ లైన్‌ని ఎనిమిదితో భాగించి, కవరు బరువు తీసేస్తే వచ్చేది దాదాపు 11.8. అంటే ఎక్కడో ఏదో 100 దగ్గర ఆగిపోతోంది. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి లింక్ స్పీడ్ చూస్తే, అనుకున్నట్టే, 100. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే ల్యాన్ కేబుల్లో ఎనిమిది తీగలు ఉంటాయి, గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ రావాలంటే అన్నీ పనిచేయాలి, 100కైతే నాలుగు చాలు. నా కుర్చీ చక్రం రోజూ ఆ కేబుల్ మీదుగానే తిరుగుతోంది మరి! ఆ నాలుగూ కాక మిగతా వాటిలో ఒకటో రెండో తెగినా నెట్ ఆగదు, నోరు మెదపకుండా 100కి దిగిపోతుంది. కేబుల్ మార్చగానే 35 వచ్చింది.

వైఫైలో చూసి కంపెనీని తిట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. రౌటర్ పెట్టె మీద 1200 అని ఉంటే అది 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల రేడియో వేగం కలిపి వేసిన అంకె, ఒక ఫోన్‌కి అందులో సగం వచ్చినా గొప్పే. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ నెమ్మది, పైగా పక్కింటి రౌటర్లన్నీ దాదాపు అందులోనే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డం వస్తే నీరసపడిపోతుంది.

అలాగని కంపెనీలు పత్తిత్తులని కాదు. ప్రకటనలో 300కి ముందో వెనకో సన్నటి అక్షరాల్లో "వరకు" అని ఒక మాట ఉంటుంది, అసలు కథంతా అందులోనే ఉంది. ఇళ్లకు ఇచ్చే ఫైబర్‌లో బాగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో, దాదాపు 2.5 గిగాబిట్ల లైన్ ఒకటి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతో నడిచే లెక్క అది. రాత్రి అందరూ వీడియోలు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ నమ్మకం ఎంత నిలబడుతుందో, ఒక లైన్‌కి వాళ్లు ఎంతమందిని తగిలించారో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే టెస్ట్ చేస్తే కేబుల్ పెట్టి, మిగతావన్నీ ఆపి, పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చేయండి. రెండింటికీ బాగా తేడా ఉంటే అప్పుడు అరవండి, న్యాయం మీ వైపు ఉంటుంది. స్పీడ్ టెస్ట్ బాగుండి ఒక్క సైట్ నుంచే నెమ్మదిగా వస్తుంటే మాత్రం లోపం ఆ సైట్ సర్వర్‌ది అయ్యే అవకాశం ఎక్కువ, టెస్ట్ సర్వర్ మామూలుగా మనకు దగ్గర్లోనే ఉంటుంది.

అన్నట్టు, నా కంప్లైంట్ సంగతి. నేను కొత్త కేబుల్ కొనుక్కొచ్చే లోపే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చేసింది.