పద్నాలుగు నెలల తర్వాత వంగి ముగ్గేశాను

నిన్న పొద్దున వాకిట్లో వంగి ఏడు చుక్కల ముగ్గేశాను. 14 నెలలైంది ముగ్గుపిండి పట్టుకుని.

గ్యాస్ బండ జరుపుతుంటే నడుం పట్టేసింది. ఎమ్మారై తీయించాం. డిస్కు ఉబ్బింది, వంగొద్దు, బరువెత్తొద్దు అన్నారు. బెల్టు కట్టుకున్నాను.

ఆరు నెలలకీ తగ్గక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నా మొహం కూడా చూడలేదు. ఫిల్ము చూసి మా ఆయనతో, "ఇందులో ఉన్నదానికీ, మీ ఆవిడ చెప్పే నొప్పికీ పొంతన లేదు. ఇంట్లో ఏమన్నా గొడవలా? ఇదంతా మనసులోంచి వస్తోంది" అన్నాడు. తలుపు బార్లా తీసే ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా విన్నారు. ఆటోలో మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అత్తయ్య, "పోన్లే, రోగం లేదన్నారుగా, రేపట్నుంచి పన్లు చేసుకో" అంది. ఆ రాత్రి దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. మళ్ళీ ఐదు నెలలు నొప్పి అని నోరెత్తలేదు. చెంచా కింద పడితే కాలితో పక్కకి తోసేదాన్ని.

దారి చూపింది ఒక చిన్న వయసు ఫిజియో. ముందు 17 ప్రశ్నల కాగితం ఇచ్చింది, టంపా స్కేలట. కదిలితే ఏమవుతుందోనన్న భయాన్ని కొలుస్తుంది. "నీ నొప్పి నిజం అక్కా. మూడు నెలలు దాటిన నొప్పిలో నరాలు చిన్న కదలికకి కూడా ప్రమాదం అని కేకేస్తాయి. భయపడి కదలకపోతే ఒళ్ళు బిగుస్తుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది" అంది. వ్లేయెన్, లింటన్ అనే పరిశోధకులు 2000లోనే ఈ చక్రం గురించి రాశారట. నొప్పే లేని 3110 మంది స్కాన్లు కలిపి చూసిన 2015 నాటి సమీక్ష చూపించింది. నలభై ఏళ్ళవాళ్ళలో సగం మందికి డిస్కు ఉబ్బే ఉందట! ఈ ఒక్క ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే నేను బెల్టు కట్టేదాన్నే కాదు.

బెల్టు తీయించి, నేలమీది తువ్వాలు తీయమంది. చెమటలు పట్టాయి. తీశాను. తర్వాత రెండు కిలోల బియ్యం సంచి, తర్వాత బిందె. కొన్ని రోజులు నొప్పి పెరిగేది, అయినా ఆపనివ్వలేదు. సైకాలజిస్టు దగ్గరికి కూడా ఆ పిల్లే పంపింది, ఈసారి సిగ్గుపడకుండా వెళ్ళాను. నిద్ర అక్కడే కుదిరింది.

కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. తలుపు తీసిపెట్టి మన మనసు గురించి మాట్లాడే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళకండి.

ముగ్గు చూసి అత్తయ్య ఏమీ అనలేదు. గొబ్బెమ్మలకి పేడ తెచ్చిపెట్టింది.